మోడల్ రైలు: సైడింగ్‌కి పాయింట్ మార్చగానే కంట్రోలర్ ట్రిప్, అవతలి వైపు ఇంజిన్ నీరసం. వైరింగ్ ఎక్కడ తప్పింది?

చిన్నబండి:
అందరికీ నమస్కారం. హెచ్ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు) మోడల్ రైళ్లలో నా మొదటి లేఅవుట్ ఇది, ఆరడుగులు బై నాలుగడుగుల ప్లైవుడ్ మీద ఒక ఓవల్, లోపలికి ఒక సైడింగ్ (బండి ఆపుకునే పక్క లైను), అంతే. ఫ్లెక్స్ ట్రాక్ (వంచుకోగలిగేది), బండిని ఒక లైను నుంచి ఇంకోదానికి మళ్లించే లైవ్ ఫ్రాగ్ పాయింట్ ఒకటి, 12 వోల్టుల డీసీ కంట్రోలర్. వైర్లు ఒక్కచోటే ఇచ్చా, మిగతాదంతా పట్టా ముక్కల్ని కలిపే జాయినర్ల మీదే నడుస్తోంది. కరెంట్ ఇచ్చిన దగ్గర ఇంజిన్ బాగానే పరిగెడుతుంది, అవతలికి వెళ్లేసరికి నీరసపడిపోతుంది, మళ్లీ ఇటు రాగానే ఊపందుకుంటుంది. ఇంకోటి, పాయింట్ మెయిన్‌కి ఉన్నంతసేపు ఓకే, సైడింగ్‌కి మార్చానో లేదో కంట్రోలర్ ట్రిప్ అయి కరెంట్ ఆగిపోతోంది, ట్రాక్ మీద బండి లేకపోయినా సరే. పట్టాలు రెండుసార్లు తుడిచా. బ్యాలాస్ట్ (పట్టాల మధ్య కంకర) ఇంకా పోయలేదు, ట్రాక్ పీకాల్సొచ్చినా పర్లేదు.

పాతబోగీ:
బ్యాలాస్ట్ పోయకముందే అడిగారు, మంచి పని చేశారు. ట్రిప్ సంగతి ముందు చూద్దాం. ఫ్రాగ్ అంటే పాయింట్‌లో రెండు దారుల పట్టాలు కలిసే V ఆకారపు ముక్క. లైవ్ ఫ్రాగ్‌లో ఫ్రాగూ, దాన్నుంచి బయల్దేరే రెండు పట్టాలూ కలిసే ఉంటాయి, నాలుక (పాయింట్‌లో అటూ ఇటూ కదిలే పట్టా) ఏ వైపు ఆనితే ఆ వైపు పట్టా పోలారిటీ (ప్లస్ లేదా మైనస్) వాటన్నిటికీ వస్తుంది. సైడింగ్‌కి మార్చగానే ఫ్రాగ్ పోలారిటీ తిరగబడుతుంది, కానీ మెయిన్ వైపు వెళ్లే పట్టాకి ఓవల్ చుట్టూ తిరిగి పాత పోలారిటీనే వస్తోంది కదా, రెండూ అక్కడ కలిసేసరికి షార్ట్. ఆ ఒక్క పట్టాకి మెటల్ జాయినర్ తీసేసి ప్లాస్టిక్‌ది పెట్టండి చాలు. సైడింగ్ వైపు మాత్రం మెటల్‌దే ఉంచండి, ఎందుకంటే పాయింట్ మెయిన్‌కి తిప్పగానే సైడింగ్‌లో రెండు పట్టాలూ ఒకే పోలారిటీ అయిపోయి అక్కడ ఆపిన ఇంజిన్ కదలదు, ఇంకోదాన్ని ఓవల్‌లో తిప్పుకోవచ్చు, విడిగా స్విచ్ కూడా అక్కర్లేదు. డీసీలో నాకు బాగా ఇష్టమైన విషయం ఇదే.

గార్డుపెట్టె:
నీరసానికైతే జాయినర్లన్నీ సోల్డర్ చేసేయండి, పోతుంది.

సోల్డర్‌పొగ:
అన్నీ వద్దు అన్నా. తేమకి ప్లైవుడ్ ఉబ్బుతుంది, తగ్గుతుంది, తిన్నటి ట్రాక్‌లో అక్కడక్కడ కాస్త సందు లేకపోతే పట్టా వంకర పోతుంది. వంపుల్లో మాత్రం ముందే సోల్డర్ చేసుకుని తర్వాత వంచితే అతుకు దగ్గర కోణం రాదు.

నీరసానికి అసలు మందు ఫీడర్లు, అంటే పట్టాలకి చాలాచోట్ల విడిగా కరెంట్ ఇచ్చే వైర్లు. పట్టాల లోహాన్ని నికెల్ సిల్వర్ అంటారు గానీ అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింక్, కరెంట్‌ని రాగి తీగ కంటే చాలా ఎక్కువ అడ్డుకుంటుంది, పైగా జాయినర్లు వదులవుతుంటాయి. బోర్డు కింద 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైర్లు, ఎరుపొకటి నలుపొకటి, ట్రాక్ వెంబడే తిప్పి, ఓవల్‌లో ప్రతి పట్టా ముక్క నుంచి సన్న వైరు జానెడు మించకుండా దింపి కలపండి. ప్లాస్టిక్ జాయినర్ అవతలి ముక్కని మర్చిపోవద్దు. సైడింగ్‌లో ఫ్రాగ్ నుంచి వచ్చే పట్టాకి మాత్రం ఇవ్వొద్దు, ఇస్తే మళ్లీ షార్టే.

సోల్డర్ పట్టా బయటి వైపే పెట్టాలి, లోపలైతే చక్రం అంచు తగులుతుంది. రోజిన్ ఫ్లక్స్ వాడండి, యాసిడ్‌ది తర్వాత తినేస్తుంది. వైరుకీ పట్టాకీ ముందే కాస్త సోల్డర్ పట్టించి, ఐరన్ బాగా వేడెక్కాక రెండు మూడు సెకన్లలో తీసేయండి, ఆలస్యమైతే పట్టాల కింది ప్లాస్టిక్ స్లీపర్లు కరిగి 16.5 మిల్లీమీటర్ల గేజ్ (పట్టాల మధ్య దూరం) తప్పుతుంది. రెండు పక్కలా తడి దూది పెడితే ఇంకా మంచిది. కంట్రోలర్ వైర్లు విప్పి, ఇంజిన్ దించేసి, ఒక్కో ఫీడర్ కలిపినప్పుడల్లా ఎరుపు నలుపు మధ్య మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి చూడండి, బీప్ వస్తే ఇప్పుడు పెట్టిందే తప్పు.

చిన్నబండి:
ప్లాస్టిక్ జాయినర్ పెట్టగానే ట్రిప్ పోయింది, చాలా థాంక్స్! ఫీడర్లు మొత్తం పన్నెండు, ఏడోదానికి బీప్ వచ్చింది, చూస్తే నలుపు అవతలి పట్టాకి అంటించా. ఇప్పుడు చుట్టూ ఒకే స్పీడ్. పాయింట్ మీద మాత్రం చిన్న ఇంజిన్ ఒక్క క్షణం తడబడుతోంది.

పాతబోగీ:
నాలుక అంచూ అది ఆనే పట్టా లోపలి వైపూ ఆల్కహాల్‌తో తుడవండి, శాండ్‌పేపర్ వద్దు, గీతల్లో మురికి పేరుకుంటుంది. అయినా తడబడితే పాయింట్‌తో పాటు కదిలే మైక్రోస్విచ్ పెట్టి ఫ్రాగ్‌కి దాన్నుంచే కరెంట్ ఇవ్వండి. ఆ వైరు బ్యాలాస్ట్ పోయకముందే దింపి ఉంచుకోండి.