మా బాబు కాళ్ళ మీద పొలుసులు, వాళ్ళ నాన్నకీ ఉన్నాయి. మీరంతా రోజూ ఏం రాస్తున్నారు?

బుడ్డోడి అమ్మ, ఆదిలాబాద్:

మా బాబుకి ఆరేళ్ళు. పుట్టినప్పుడు ఒళ్ళంతా నున్నగానే ఉంది. ఏడాది నిండేసరికి మోకాళ్ళ కింద చర్మం ఎండిపోయి తెల్లటి పొలుసులు లేవడం మొదలైంది. ఎండాకాలం, వానాకాలం పర్వాలేదు. కార్తీకం దాటి చలి ముదిరిందంటే ఇక మా పని అయిపోయినట్టే. నల్ల ప్యాంటు విప్పితే లోపలంతా పిండి చల్లినట్టు ఉంటుంది. బడిలో టీచరమ్మ "బాబుకి రోజూ స్నానం చేయిస్తున్నారా?" అని అడిగింది. రెండు పూటలా చేయిస్తున్నానని చెబితే నమ్మదేమోనని ఊరుకున్నా.

మా ఆయనకీ ఇదే. పెళ్ళిచూపులకి మే నెల ఎండలో ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకుని వచ్చారు. పద్ధతైన మనిషని మా అమ్మ మురిసిపోయింది.

డాక్టర్ చూసి ఇక్తియోసిస్ వల్గారిస్ అన్నారు, అంటే చర్మం ఎండి పొలుసులు లేచే, వంశంలో వచ్చే జబ్బట. చిన్న ట్యూబు ఒకటి రాశారు, మర్నాటికే ఖాళీ. అత్తమ్మేమో సున్నిపిండి పెట్టి గట్టిగా రుద్దితే పొలుసులన్నీ రాలిపోతాయంటుంది. నిజంగా పోతాయి కానీ వాడు ఏడుస్తాడు, మూడో రోజుకి మళ్ళీ మామూలే. పెద్దయ్యాక ఇది పోతుందా? ఇంకో బిడ్డ కావాలనుకుంటున్నాం, ఆ బిడ్డకీ వస్తుందేమోనని ఒకటే టెన్షన్.

హన్మకొండ చీరలన్న:

చెల్లెమ్మా, నాకు 44. మా నాయనకి ఉండేది, నాకుంది, మా పెద్దపాపకి ఉంది, చిన్నోడికి రాలేదు. నేను బట్టల షాపులో పట్టుచీరల కౌంటర్ చూస్తా. ఈ చర్మంతో ఆ పని ఎట్లా ఉంటదో చెప్తా విను. వేలికొసలు గరుకుగా ఉన్న రోజు చీర మడత విప్పుతుంటే పట్టుపోగు వేలికి తగులుకుని లేచొస్తుంది. పోగు లేచిన చీరని కస్టమర్ పక్కకి నెట్టేస్తారు. పోనీ అని వాజలీన్ రాసుకుని కూర్చుంటే జిడ్డు మరక. అంటే నా చేతులు మెత్తగా ఉండాలి, జిడ్డు మాత్రం ఉండకూడదు. అందుకని చేతులకి రాసేదంతా రాత్రిపూటే. యూరియా క్రీమ్ (ఎరువు కాదు, గరుకు చర్మాన్ని మెత్తబరిచే మందుల షాపు క్రీమ్) పట్టించి పాత కాటన్ సాక్సులు తొడుక్కుని పడుకుంటా. మొదట్లో మా ఆవిడ పడీపడీ నవ్వేది. పొద్దున గ్లిజరిన్‌లో నాలుగైదు వంతుల నీళ్ళు కలిపి తడిచేతులకి రుద్దుకుంటా. షాపు తెరిచే వేళకి ఇంకిపోతుంది.

మీ బాబు సంగతికొస్తే, మీరు మొదట మార్చాల్సింది స్నానం. వేడివేడి నీళ్ళు వద్దు, గోరువెచ్చగా చాలు. పది నిమిషాల్లో ముగించాలి. సబ్బు చంకలకి, గజ్జలకి, పాదాలకి మాత్రమే, అదీ నురగ తక్కువ వచ్చేది. పెద్దావిడ మాట కాదనలేకపోతే సున్నిపిండి పండగపూట నలుగు వరకు కానివ్వండి, పొలుసుల మీద రుద్దుడు మాత్రం వద్దు. పైది రాలుతుంది, కింద చర్మం చిట్లుతుంది, ఆ చీలికల్లో రాత్రంతా మంట.

స్నానం అయ్యాక తువ్వాలుతో తుడవొద్దు, ఊరికే అద్దండి. ఒళ్ళు చెమ్మగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లో, బాత్రూమ్ తలుపు వేసి ఉన్నప్పుడే రాసేయాలి. గడప దాటాక రాసేది సగం దండగ. క్రీమ్ లోపలికి కొత్తగా నీళ్ళేం తీసుకురాదు, చర్మంలో ఉన్న తడిని పోనివ్వకుండా ఆపుతుంది, అంతే. మా పాపకి చలికాలం కాళ్ళకి తెల్ల పెట్రోలియం జెల్లీ, చేతులకి, వీపుకి గ్లిజరిన్ ఉన్న పలచని లోషన్. కొబ్బరినూనె మంచిదే, తడి ఒంటి మీద రాస్తే బాగా పనిచేస్తుంది. కానీ మీ ఆదిలాబాద్ చలికి ఒక్క నూనె ఆగదు.

ఆ చిన్న ట్యూబుల సంగతి మాత్రం నాకు అరికాలి మంట నెత్తికెక్కిస్తుంది. ఒళ్ళంతా రాయాల్సిన పిల్లాడికి వారానికి పావుకిలో దాకా పడుతుంది, పెద్దవాళ్ళకి అరకిలో. 30 గ్రాముల ట్యూబు ఏ మూలకి? మందుల షాపులో పెద్ద డబ్బా అడగండి, వాసన వేసేవి, రంగువి వద్దు. ఇంకో మాట, జిడ్డు పడ్డ టైల్స్ మీద పిల్లలు జారిపడతారు. బాత్రూమ్‌లో రబ్బరు మ్యాట్ వేయండి.

పొద్దున చలిమంట దగ్గర కూర్చోబెట్టే అలవాటుంటే మానిపించండి. ఆ వేడికి కాళ్ళు ఇంకా ఎండిపోతాయి.

స్కిన్ పీజీ, నైట్ డ్యూటీ:

చీరలన్న స్నానం గురించి చెప్పింది అక్షరాలా కరెక్ట్. నేను జన్యువుల సంగతి చెప్తాను.

ఇక్తియోసిస్ వల్గారిస్‌కి కారణం, చర్మం పైపొరలో తడి నిలిచేలా చూసే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ లోపం. ఆ జన్యువులో మార్పుల వల్లే ఇది వస్తుందని 2006లో స్కాట్లాండ్‌లోని డండీ యూనివర్సిటీ బృందం తేల్చింది. ఇది అరుదైన జబ్బేమీ కాదు, ఇంగ్లాండ్ బడిపిల్లల్లో చూస్తే సుమారు 250 మందికి ఒకరిలో కనిపించింది. ప్రతి మనిషికీ ఈ జన్యువు రెండు కాపీలు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. తండ్రికి ఆ జన్యువు ఒక కాపీలోనే మారి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకీ అది వచ్చే అవకాశం సగానికి సగం. మొదటి బిడ్డకి వచ్చింది కదా, రెండో బిడ్డకి రాదులే అనే లెక్క కుదరదు. రెండు కాపీలూ మారి ఉంటే పిల్లలందరికీ ఒక్కొక్కటి చేరుతుంది, కాకపోతే ఒక్కటే ఉన్నవాళ్ళలో ఇది తేలిగ్గా ఉంటుంది, కొందరికి పొడిచర్మం తప్ప ఏమీ ఉండదు.

మగపిల్లలకి తల్లివైపు నుంచి వచ్చే రకం ఇంకొకటి ఉంది. అందులో పొలుసులు పెద్దగా, గోధుమరంగులో ఉంటాయి, మెడ పక్కలు మట్టి పట్టినట్టు కనిపిస్తాయి. మీ బాబుకి తండ్రి నుంచి వచ్చింది కాబట్టి అది కాదు. కొడుక్కి తండ్రి ఇచ్చేది వై క్రోమోజోమ్, ఆ జబ్బు ఉండేది ఎక్స్ మీద. వీలైతే బాబు అరచేతులు చూడండి, గీతలు మామూలుకన్నా లోతుగా, ఎక్కువగా ఉంటాయి. మోచేతి మడత, మోకాలి వెనక మడత మాత్రం నున్నగా ఉంటాయి. ఆ మడతల్లోనే దురద, ఎరుపు వస్తే అది ఎగ్జిమా అనే ఇంకో చర్మ జబ్బు. ఈ రెండూ కలిసి రావడం మామూలే, అప్పుడు దానికి వేరే మందు కావాలి.

పోతుందా అంటే, జన్యువు ఎక్కడికీ పోదు. వయసు పెరిగేకొద్దీ చాలామందికి తగ్గుతుంది. షాపులో వాళ్ళు ఇచ్చే స్టీరాయిడ్ ఆయింట్‌మెంట్ ఈ పొలుసులకి పనికిరాదు. సాలిసిలిక్ యాసిడ్ కలిసినవి చిన్నపిల్లలకి ఒళ్ళంతా రాయొద్దు, రక్తంలోకి ఎక్కి ప్రమాదం. యూరియా 10 శాతం దాకా పర్వాలేదు, చీలికలున్న చోట తప్ప. అక్కడ మండుతుంది.

ఫీనిక్స్ నుంచి అక్క:

నాకూ ఇదే. అరిజోనా గాలిలో తేమన్నదే ఉండదు, కాబట్టి నాకు ఏడాదంతా ఆదిలాబాద్ చలికాలమే. సెలవులకి విజయవాడ వెళ్తే వారం తిరక్కుండానే కాళ్ళు మెరుస్తాయి, తిరిగొచ్చాక మళ్ళీ మొదలు. నేను వాడేది 12 శాతం లాక్టిక్ యాసిడ్ లోషన్, ఇక్కడ డాక్టర్ చీటీ లేకుండానే దొరుకుతుంది. పొలుసు మెత్తబడి దానంతటదే ఊడిపోతుంది. కాకపోతే కాళ్ళు షేవ్ చేసిన రోజు రాస్తే చుక్కలు కనిపిస్తాయి.

బుడ్డోడి అమ్మ:

అందరికీ థ్యాంక్స్. అరచేతులు చూశా, తండ్రీకొడుకులిద్దరివీ గీతలే గీతలు! అన్నా, ఇంకొక్కటి. రేషన్ దగ్గర మిషన్ మీద మా ఆయన వేలు పడదు, ప్రతి నెలా నేనే వెళ్ళాలి. బాబుకి ఆధార్ అప్‌డేట్ చేయించాలి, వాడి వేళ్ళూ పడకపోతే ఎట్లా?

హన్మకొండ చీరలన్న:

నా బొటనవేలూ అంతే చెల్లెమ్మా. ముందురోజు రాత్రి వేళ్ళకి క్రీమ్ పట్టించి సాక్సులు తొడగండి. పొద్దున ఏమీ రాయకుండా తీసుకెళ్ళండి, జిడ్డు ఉంటే మిషన్ అస్సలు తీసుకోదు. లైన్‌లో ఉన్నప్పుడు తడిగుడ్డతో వేలు తుడిచి, ఆరీ ఆరకముందే పెట్టించండి. మిగతా వేళ్ళూ ట్రై చేయమని అడగండి, నాకు ఎడమచేతి ఉంగరం వేలు పడుతుంది. అప్పటికీ కాకపోతే కంటిపాప స్కాన్ ఎలాగూ తీస్తారు. రేషన్ దగ్గర కూడా కంటి మిషన్ ఉందేమో అడగండి.

స్కిన్ పీజీ, నైట్ డ్యూటీ:

ఒక్కటి రాయడం మర్చిపోయాను, దీపావళి దగ్గర్లో ఉంది కాబట్టి చెప్తున్నా. జెల్లీ, పారాఫిన్ క్రీములు రోజూ ఇంకిన బట్టకి నిప్పు తగిలితే మామూలు బట్టకన్నా తొందరగా అంటుకుంటుంది. బ్రిటన్‌లో మందుల నియంత్రణ సంస్థ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది. ఉతికినా ఆ జిడ్డు పూర్తిగా పోదు. బాబు రాత్రి వేసుకునే పైజామాలతో కాకరపువ్వొత్తులు కాల్చనివ్వకండి, ఆ పూటకి క్రీమ్ తగలని బట్టలు వేయండి. మీ ఆయన సిగరెట్ తాగితే ఆయనకీ ఇదే మాట.