27 డిగ్రీల ఉక్కలో కార్బ్యురేటర్‌లోకి మంచు ఎలా వస్తుంది?

ప్రశ్న (కావలి నుంచి)

పెద్దలకు నమస్కారం. సముద్రతీరానికి దగ్గరలోని ఒక శిక్షణ సంస్థలో సెస్నా 152 మీద విమానం నడపడం నేర్చుకుంటున్నాను. మొన్న వాన వెలిసిన ఉదయం, ఉష్ణోగ్రత 27 డిగ్రీలు, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 24 ఉండగా, థ్రోటల్ (ఇంజను శక్తిని పెంచి తగ్గించే మీట) తగ్గించి దిగుతుంటే ఆర్పీఎం, అంటే ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు, నెమ్మదిగా పడిపోసాగింది. కార్బ్యురేటర్‌కు, అంటే గాలిలో పెట్రోలు కలిపే భాగానికి, వేడిగాలి పంపే కార్బ్ హీట్ మీట లాగేసరికి ఇంజను ఇంకా గట్టిగా దగ్గింది. చెయ్యకూడని పని చేశానేమోనని భయపడి మీటను వెంటనే లోపలికి తోసేశాను. మా బోధకులు దాన్ని మళ్లీ పూర్తిగా లాగి అలాగే ఉంచారు. కాసేపటికి ఇంజను సర్దుకున్నది. అంత ఉక్కలో మంచు ఎక్కడిది? హీట్ ఇస్తే ఇంజను మరింత చెడినట్లు ఎందుకు ప్రవర్తించింది?

జవాబు (ఒంగోలు నుంచి)

తమ్ముడూ, మీరు మీటను లాగడంలో తప్పు లేదు, తోసెయ్యడంలోనే ఉన్నది. ఈ ఒక్క సంగతి గట్టిగా మనసులో పెట్టుకోండి, ఎందుకంటే చిన్న విమానాల ఇంజన్ల పని చేసినన్నాళ్లూ నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఇదే.

సూది వేసేముందు చేతికి రాసిన స్పిరిట్ ఆరిపోతూ చల్లగా తగులుతుంది కదా, కార్బ్యురేటర్‌లో పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు జరిగేదీ అదే. దానికి తోడు కార్బ్యురేటర్‌లోని వెంచురీ అనే ఇరుకు దారిలో గాలి పీడనం తగ్గి మరికొంత చల్లబడుతుంది. ఈ రెండూ కలిసి అక్కడి ఉష్ణోగ్రతను 30 డిగ్రీలకు పైగా కూడా దించగలవు. కార్తీక మాసంలో మన నెల్లూరు, ప్రకాశం తీరాన వీచే గాలిలాగా తేమ నిండిన గాలి అక్కడికి చేరితే, ఆ తేమ గడ్డకట్టి బటర్‌ఫ్లై వాల్వు (థ్రోటల్‌తో కదులుతూ గాలి దారిని తెరిచి మూసే రేకు) చుట్టూ పేరుకుంటుంది. కాబట్టి బయట ఎంత వేడిగా ఉన్నదన్నది ఒక్కటే చూడకండి; ఉష్ణోగ్రతకూ డ్యూ పాయింట్‌కూ మధ్య తేడా ఎంత తక్కువైతే అంత జాగ్రత్త పడాలి. మీకు ఆ తేడా మూడే డిగ్రీలు. పైగా థ్రోటల్ దాదాపు మూసి ఉన్నప్పుడు ఆ సన్నని సందు పూడిపోవడానికి కొంచెం మంచు చాలు.

ఇక దగ్గు సంగతి. కార్బ్ హీట్ అంటే ఎగ్జాస్ట్ గొట్టం చుట్టూ తిరిగి వేడెక్కిన గాలి. వేడిగాలి పలచన కాబట్టి మిశ్రమంలో పెట్రోలు పాలు ఎక్కువై ఆర్పీఎం కొంత పడుతుంది. ఆపైన కరిగిన మంచు నీరై సిలిండర్లలోకి పోతుంటే ఇంజను కొట్టుకుంటుంది. అంటే ఆ దగ్గు మందు పనిచేస్తున్నదనడానికి గుర్తు. ఆ సమయంలో ఓర్చుకుని మీటను పూర్తిగా లాగి ఉంచాలి. అయితే ఆలస్యం చేస్తే ఇంజను శక్తి తగ్గి, ఎగ్జాస్ట్ చల్లబడి, కరిగించడానికి కావలసిన వేడే మిగలదు. అందుకే థ్రోటల్ తగ్గించిన తరువాత కాక, తగ్గించకముందే హీట్ ఇవ్వండి.

ప్రశ్న (కందుకూరు నుంచి)

అన్నగారూ, అలాగైతే మీటను ఎప్పుడూ సగం లాగి ఉంచితే సరిపోదా?

జవాబు (ఒంగోలు నుంచి)

వద్దండీ. కార్బ్యురేటర్ ఉష్ణోగ్రత చూపే మీటరు లేని విమానంలో సగం హీట్ మంచిది కాదు. గడ్డకట్టి అంటుకోకుండా పోవలసిన పొడి మంచును కొంచెం వేడిచేసి, అంటుకునే స్థితికి అదే తేవచ్చు. ఇస్తే పూర్తిగా ఇవ్వండి, లేకుంటే పూర్తిగా మూసెయ్యండి. నేలమీద పరీక్ష చేసినప్పుడు, మీట మూసిన తరువాత ఆర్పీఎం మొదటికంటే పైకి లేచిందంటే అప్పటికే మంచు పట్టి ఉన్నదని అర్థం. ఆ పరీక్షను దుమ్ములో ఎక్కువసేపు చెయ్యకండి, వేడిగాలి ఫిల్టరు గుండా రాదు. టేకాఫ్‌కు మీట లోపలే ఉండాలి. దిగడం మానుకుని మళ్లీ పైకి లేవవలసి వస్తే ముందు థ్రోటల్ పూర్తిగా తెరిచి, ఆ వెంటనే హీట్ మూసెయ్యండి.