తరచూ విమానం ఎక్కేవారు భద్రతా సూచనలు వింటారా?

ప్రశ్న:
ఉద్యోగరీత్యా నెలకు నాలుగైదుసార్లు విమానం ఎక్కుతుంటాను. బెల్టు, ఆక్సిజన్ మాస్కు, లైఫ్ జాకెట్ గురించి సిబ్బంది చెప్పేదంతా నాకు కంఠతా వచ్చేసింది కాబట్టి, వారు చూపిస్తున్నంతసేపూ ఫోన్ చూసుకుంటూ ఉంటాను. మొన్న పక్క సీటులోని పెద్దాయన సేఫ్టీ కార్డు తీసి చదివి, వెనక్కి తిరిగి, తలుపు దాకా ఎన్ని వరుసలున్నాయో వేలితో లెక్కపెట్టుకున్నారు. నిజంగా అంత అవసరమంటారా?

సమాధానం 1:
నేనూ వినను. బెల్టు ఎలా పెట్టుకోవాలో ఎన్నిసార్లని చూస్తాం?

సమాధానం 2:
తెలిసి ఉండటం వేరు, ఆపదలో చేయి సరిగ్గా కదలడం వేరు. 2018 ఏప్రిల్‌లో సౌత్‌వెస్ట్ 1380 విమానం ఇంజిన్ పగిలినప్పుడు లోపల తీసిన ఫొటోలలో, చాలామంది మాస్కును నోటికి మాత్రమే పెట్టుకుని ముక్కును వదిలేసినట్టు కనిపిస్తుంది. 1996లో హైజాకైన ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ 961 విమానం ఇంధనం అయిపోయి కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో పడినప్పుడు, లైఫ్ జాకెట్‌ను లోపలే ఊదుకున్నవారిలో కొందరు, నీరు నిండేకొద్దీ పైకప్పుకు తేలిపోయి బయటపడలేకపోయారు. ‘బయటికి వచ్చాకే గాలి నింపండి’ అని ప్రతిసారీ చెప్పేది అందుకే.

సమాధానం 3:
నేను కొన్నేళ్లు క్యాబిన్ సిబ్బందిగా పనిచేశాను. మేము చెప్పే మాటలు దాదాపు ఒకటే అయినా విమానాలు ఒకటి కావు. రెక్క మీది అత్యవసర ద్వారాన్ని ఎయిర్‌బస్ ఏ320లో ఊడదీసి బయటికి విసరాలి. బోయింగ్ 737-800లో అది కీలు మీద పైకి తెరుచుకుంటుంది. నిన్నటి అలవాటుతో ఈరోజు చేయి పెడితే విలువైన క్షణాలు పోతాయి. ఇక వరుసల లెక్క విషయానికొస్తే, పొగ కమ్మినప్పుడు కళ్లు పనిచేయవు, సీట్లను తడుముకుంటూ పోవాల్సిందే. పైగా దగ్గరి తలుపు తెరుచుకోకపోవచ్చు. 2024 జనవరి 2న టోక్యోలోని హనెడా విమానాశ్రయంలో మంటల్లో చిక్కిన జపాన్ ఎయిర్‌లైన్స్ విమానంలో ఎనిమిది తలుపులకు మూడే పనికొచ్చాయి. అయినా 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. కాబట్టి మీ పెద్దాయన చేసింది సరైన పనే, అయితే ముందువైపు తలుపు దాకా కూడా లెక్కపెట్టుకోవాలి.
అన్నట్టు, అంతా కంఠతా వచ్చన్నారు కదా, మాస్కుకున్న సంచి ఉబ్బకపోతే ఏం చేస్తారు?

ప్రశ్న అడిగినవారు:
పాడైందనుకుని, దాన్ని వదిలేసి పక్క మాస్కు అందుకునేవాణ్ణి.

సమాధానం 3:
సంచి ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తూనే ఉంటుందండీ. ఆ మాట కూడా ప్రతిసారీ చెబుతాము.