బ్రిటన్ డిపార్ట్‌మెంట్ స్టోర్లను ముంచింది ఆన్‌లైనా, యజమానులా?

కొత్తగా_వచ్చా: నేను ఇంగ్లండ్ వచ్చి ఏడాదైంది. మా టౌన్ నడిబొడ్డున డెబెన్‌హామ్స్ డిపార్ట్‌మెంట్ స్టోర్ బిల్డింగ్ 2021 నుంచి మూసే ఉంది. 1778లో లండన్‌లో చిన్న బట్టల కొట్టుగా మొదలైన కంపెనీ అట. ఆఫీసులో ఎవరిని అడిగినా "ఆన్‌లైన్ మింగేసింది" అంటారు. అంతేనా? ఇక్కడ చాలా ఏళ్లుగా ఉన్నవాళ్లు చెప్పండి.

బర్మింగ్‌హామ్_బాబాయ్: అంతే బాబూ. మా పిల్లలు మంచం దిగకుండా చెప్పులు కొంటున్నారు, ఇంక బస్సెక్కి వెళ్లేదెవరు? పైగా సెంటర్లో ఉన్న షాపుకి బిజినెస్ రేట్లు, అంటే షాపు బిల్డింగ్ మీద వేసే పన్ను, ఎక్కువ. ఊరి బయట గోడౌన్ పెట్టుకున్నవాడికి అంత భారం లేదు. ఆపైన కోవిడ్. యజమాని ఎంత మంచివాడైనా ఏం చేయగలడు?

లెక్కల_మనిషి: బాబాయ్ గారూ, డెబెన్‌హామ్స్ విషయంలో నేను ఒప్పుకోను. 2003లో మూడు పెట్టుబడి సంస్థలు కలిసి దాన్ని కొన్నాయి. 2005లో 23 షాపుల సొంత బిల్డింగులను 49.5 కోట్ల పౌండ్లకు అమ్మి, అవే షాపులను దీర్ఘకాల లీజుకు తీసుకున్నాయి. మన భాషలో చెప్పాలంటే, సొంత ఇల్లు అమ్మేసి అదే ఇంట్లో అద్దెకు దిగడం. సుమారు 120 కోట్ల పౌండ్లు డివిడెండ్‌గా, అంటే యజమానుల వాటాగా, తీసుకుని, 2006లో కంపెనీని మళ్లీ స్టాక్ మార్కెట్‌కి తెచ్చాయి. అప్పటికి దాని నెత్తిన 100 కోట్ల పౌండ్లకు పైగా అప్పు. ఆన్‌లైన్ పోటీ ముదిరి, షాపుల్ని మార్చుకోవాల్సిన రోజుల్లో చేతిలో డబ్బు లేదు. అద్దె మాత్రం కట్టాలి.

బీహెచ్ఎస్ అనే ఇంకో డిపార్ట్‌మెంట్ స్టోర్ కథ ఇంకా బాధ. 2000లో ఫిలిప్ గ్రీన్ అనే వ్యాపారి 20 కోట్ల పౌండ్లకు కొన్నాడు. 2002 నుంచి 2004 వరకు కంపెనీ పన్ను పోను సంపాదించిన లాభం 20.8 కోట్లు, పంచిన డివిడెండ్ 41.4 కోట్లు. 2015లో ఒక్క పౌండుకి అమ్మేశాడు. ఏడాది తిరిగేసరికి దివాలా. 11,000 మంది ఉద్యోగాలు పోయాయి, పెన్షన్ నిధిలో 57.1 కోట్ల లోటు తేలింది. పార్లమెంటు కమిటీలు నిలదీశాక, 2017లో గ్రీన్ 36.3 కోట్లు కట్టాడు. లాభానికి రెట్టింపు బయటికి తీసిన ఆ మూడేళ్లలో ఆన్‌లైన్ దెబ్బ ఎక్కడుంది?

రీడింగ్_రమ్య: అన్నా, మరి జాన్ లూయిస్ స్టోర్ల సంగతేంటి? 1929 నుంచి ట్రస్టు చేతిలో ఉంది, ఉద్యోగులే భాగస్వాములు. డబ్బు తోడుకుపోయే యజమానే లేడు. అయినా 2020, 2021లలో 16 షాపులు మూసింది. 2021లో బోనస్ ఇవ్వలేదు, 1953 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. యజమానుల తప్పే అయితే ఇది జరగకూడదు కదా?

లెక్కల_మనిషి: మంచి ప్రశ్న రమ్యా. గాలివాన అందరికీ వచ్చింది, అది ఒప్పుకుంటాను. కానీ జాన్ లూయిస్ 16 మూసి 34 నిలబెట్టుకుంది. డెబెన్‌హామ్స్‌కి ఒక్కటీ మిగల్లేదు. తేడా అక్కడే ఉంది.

బర్మింగ్‌హామ్_బాబాయ్: విదేశీయులు కొనడం వల్లే పాడయ్యాయని కూడా ఇక్కడ చాలామంది అంటారు.

లెక్కల_మనిషి: అది నిజం కాదు బాబాయ్ గారూ. లండన్‌లో పెద్ద స్టోర్ హారోడ్స్ 2010 నుంచి ఖతార్‌ది, ఇంకా నడుస్తూనే ఉంది. సెల్ఫ్‌రిడ్జెస్ స్టోర్లని 2003లో కెనడాకి చెందిన వెస్టన్ కుటుంబం కొని, దాదాపు ఇరవై ఏళ్లు అట్టిపెట్టుకుని డబ్బు పెట్టింది. బీహెచ్ఎస్‌ని కొన్న గ్రీన్ పుట్టింది ఇంగ్లండ్‌లోనే. పాస్‌పోర్టు కాదు, ఎన్నాళ్లు ఉంచుకుందామని కొన్నారో చూడాలి.

శనివారం_షిఫ్ట్: స్టూడెంట్‌గా ఉన్నప్పుడు ఇలాంటి ఒక షాపులో చేశాను, పేరు చెప్పను. చివరి వారం బట్టలతో పాటు హ్యాంగర్లు, అద్దాలు, బట్టలు తొడిగే బొమ్మలు కూడా అమ్మకానికి పెట్టారు. నాకు పని నేర్పిన ఆంటీ ముప్పై ఏళ్లుగా అదే ఫ్లోర్‌లో ఉన్నారు. బ్లౌజ్ మడత పెట్టడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నా. నా పెన్షన్ ఏమవుతుందో అని ఆవిడ పడ్డ టెన్షన్ నేను మర్చిపోలేను. ఆ చివరి వారం కూడా షాపు నిండా జనమే బాబాయ్.

కొత్తగా_వచ్చా: ఇందాక వెతికితే ఇంకొకటి కనిపించింది. 2021లో బూహూ అనే ఆన్‌లైన్ కంపెనీ డెబెన్‌హామ్స్ పేరును, వెబ్‌సైట్‌ను 5.5 కోట్ల పౌండ్లకు కొన్నది. షాపులూ వద్దంది, అందులోని ఉద్యోగులూ వద్దంది. 2025లో తన గ్రూపు పేరునే డెబెన్‌హామ్స్ అని మార్చుకుంది. జనం ఆ పేరును మర్చిపోయి ఉంటే ఆన్‌లైన్ కంపెనీకి దాంతో ఏం పని బాబాయ్ గారూ?