‘బెంచ్‌మార్క్’ని గీటురాయి అనవచ్చా?

ప్రశ్న: అక్కా, ఒక సందేహం. కంపెనీలు మానవ హక్కుల్ని ఎంతవరకు గౌరవిస్తున్నాయో చూసి మార్కులు, ర్యాంకులు ఇస్తారు కదా, వాటి గురించి కార్మికుల కోసం చిన్న పుస్తకం తయారుచేస్తున్నాం. ‘బెంచ్‌మార్క్’కి ప్రమాణం అని రాస్తే కోర్టులో చేసే ప్రమాణంలా ఉందంటున్నారు. గీటురాయి బాగుంటుందా? ‘పర్ఫార్మెన్స్’కి పనితీరు సరిపోతుందా?

జవాబు: తమ్ముడూ, గీటురాయి మంచి మాటే. కాకపోతే పత్రికల్లో దాన్ని తిరుగులేని తీర్పు అన్న అర్థంలో వాడుతున్నాం. బంగారం వన్నె తెలుసుకోవడానికి కంసాలి వాడే రాయి అది, ఆయన దగ్గర దానికి అంత పెద్దరికం లేదు.

దీనికే ఒరగల్లు అని ఇంకో పేరు. ఒరయడం అంటే రుద్దడం. కల్లు అంటే రాయి. (ఓరుగల్లుకీ దీనికీ సంబంధం లేదు. అది ఒకే రాయి, ఏకశిల.) అమ్మ పాత గాజులు మార్పించడానికి పోయిన నెల సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌కి వెళ్లాను. ఆచారిగారు గాజుని నల్లరాయి మీద రుద్దారు. దాని పక్కనే వన్నె (స్వచ్ఛత) ముందే తెలిసిన బంగారు పుల్లతో ఇంకో గీటు పెట్టారు. రెండింటి మీదా యాసిడ్ చుక్క వేసి, ఏ గీటు ఎంత నిలిచిందో వెలుతురులో పోల్చి చూశారు. అక్కడితో ఆగలేదు. గాజు లోపలివైపు ఆకురాయితో కాస్త అరగదీసి, అరిగిన చోట మళ్లీ రుద్దారు. ఎందుకని అడిగితే, “పైపూత ఉంటే రాయికేం తెలుస్తదమ్మా? మనం ఏది రుద్దితే అదే చెప్తది” అన్నారు.

నీ పుస్తకానికి కావలసిందంతా ఆ మాటలోనే ఉంది. కార్పొరేట్ హ్యూమన్ రైట్స్ బెంచ్‌మార్క్ అనే జాబితా 2017లో మొదటిసారి వచ్చింది. వ్యవసాయ ఉత్పత్తులు, దుస్తులు, గనులు-చమురు రంగాల్లోని 98 పెద్ద కంపెనీలకు నూటికి ఇన్నని మార్కులు వేశారు. ఆధారం ముఖ్యంగా కంపెనీలు బయటపెట్టిన విధానాలు, నివేదికలు. అంటే రాతి మీద రుద్దడానికి ముక్కని ఇచ్చింది చాలావరకు కంపెనీలే. ఆ ఏడాది 70 ఎవరికీ రాలేదు. 60 దాటిన మూడింటిలో గనుల కంపెనీ రియో టింటో ఒకటి. 2020 మే 24న అదే రియో టింటో ఇనుప ఖనిజం కోసం పశ్చిమ ఆస్ట్రేలియాలోని జూకన్ గార్జ్‌లో రాతి గుహల్ని పేల్చేసింది. 46,000 ఏళ్ల కిందటే మనుషులు మసలిన చోటు అది. అక్కడి పూటు కుంటి కుర్రమ, పినికుర ప్రజలకు పూర్వీకుల స్థలం. కాగితం మీది విధానాల్లో ఏ లోపం ఉందో రాయి చెప్పగలదు. బ్లాస్టింగ్ ఆపాల్సిన రోజున ఎవరూ ఆపరన్నది చెప్పలేదు.

ఇంకో సంగతి. ఆ పద్ధతిలో 100కి 20 మార్కులు తీవ్ర ఆరోపణ వచ్చినప్పుడు కంపెనీ ఎలా స్పందించిందన్నదానికి. స్పందన ముఖ్యమే, కాదనను. కానీ జరిగిన నష్టం వేరు, దానికి చెప్పిన జవాబు వేరు. ఈ రెండింటికీ ‘పనితీరు’ అని ఒకే ముద్ర వేస్తే చదివేవాడు తికమకపడతాడు. అసలు పనితీరు అనగానే నాకు మిక్సీ, కార్యకర్త, మంత్రివర్గం గుర్తొస్తాయి. మనుషులతో ఎలా మెలిగావన్నదానికి మనకు నడవడి ఉంది. ‘హక్కుల విషయంలో కంపెనీ నడవడి’ అని రాయి. నడవడికి సగటు తీయలేం, అందుకే ఆ మాట నాకు నచ్చింది. ఒక దేశంలో జీతాలు సక్రమంగా ఇచ్చి, మరో దేశంలో ఊరిని ఖాళీ చేయిస్తే మొత్తం మీద 65 అని ఎలా అంటాం? ఊరు పోగొట్టుకున్నవాళ్లకు ఆ 65లో ఏం దక్కింది?

మా పక్కింటామె నగరం శివార్లలో ఒక బట్టల యూనిట్లో కుట్టుపని చేస్తుంది. ఆడిట్ ఉందంటే ముందు రోజు సాయంత్రమే బాత్రూముల్లో కొత్త సబ్బులు పెడతారట, మూసి ఉండే రెండో తలుపు తాళం తీస్తారట. మర్నాటికి సబ్బూ ఉండదు, తలుపుకి తాళమూ పడుతుంది. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కరాచీ గుర్తొస్తుంది. 2012 సెప్టెంబర్‌లో అలీ ఎంటర్‌ప్రైజెస్ బట్టల ఫ్యాక్టరీ కాలిపోయి 250 మందికి పైగా చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందే దానికి కార్మిక ప్రమాణాల సర్టిఫికెట్ వచ్చింది.

మన దేశంలో స్టాక్ మార్కెట్లని నియంత్రించే సెబీ నిబంధన ప్రకారం 2022-23 నుంచి మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు బాధ్యతాయుత వ్యాపారంపై ఏటా నివేదిక ఇవ్వాలి. వేధింపులు, వివక్ష, వేతనాల మీద ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో కూడా అందులో రాయాలి. ఇది మంచిదే. కానీ ఆ గడిలో సున్నా కనిపిస్తే రెండు అర్థాలు: సమస్య లేదు, లేదా నోరు విప్పే ధైర్యం లేదు. ఫిర్యాదు పెట్టావా అని పక్కింటామెని అడిగాను. “పెడితే రేపు గేటు దగ్గరే ఆపుతరు” అంది. ఫిర్యాదులు ఎక్కువ వచ్చిన కంపెనీయే ఒక్కోసారి నయం కావచ్చు. ఈ ఒక్క విషయం నీ పుస్తకంలో పెద్ద అక్షరాల్లో ఉండాలి.

వ్యాఖ్య: అమ్మా, గీటురాయి కన్నా కొలబద్ద సూటిగా ఉండదా? ర్యాంకులు ఇచ్చేది కొలిచే కదా. పైగా మీరు చెప్పింది వింటే ఈ జాబితాలు వద్దనిపిస్తోంది.

జవాబు: వద్దనడం లేదు మాస్టారూ. రాయి లేని కంసాలి దగ్గరికి నేను వెళ్లను. జాబితా వచ్చాక అట్టడుగున ఉన్న కంపెనీ బోర్డుకి ఇన్వెస్టర్లు ఫోన్ చేస్తారు, యూనియన్ వాళ్లు ఆ పేజీ పట్టుకుని మేనేజ్‌మెంట్‌తో మాట్లాడతారు. అది పనికొచ్చేదే. కొలబద్ద దగ్గరే నాకు అభ్యంతరం. బద్దతో కొలిస్తే పొడవు ఎవరికైనా ఒకటే వస్తుంది. ఇక్కడ పక్కపక్క ర్యాంకుల మధ్య తేడా ఒక్కోసారి వెబ్‌సైట్‌లో ఒక పేజీ పెట్టడమో, పెట్టకపోవడమో. గీటురాయి అంటే చూసే కన్ను కావాలి, రుద్దే చోటు తెలియాలి.

అందుకే తమ్ముడూ, ‘గీటురాయి’ అనే రాసెయ్, ఆ మాట మొదటిసారి వచ్చిన చోట ఆకురాయి సంగతి కూడా చెప్పు. కార్మికులు, ఊరివాళ్లు స్వయంగా చెప్పేదాకా పూత కింద ఏముందో తెలియదని ఒక వాక్యం చాలు. రుద్దే ముందు అలా అరగదీయడాన్ని మన కంసాలులు ఏమంటారో ఈ గ్రూపులో తెలిసినవారుంటే చెప్పండి. ఆచారిగారిని అడగడం మర్చిపోయాను, ఆ మాట దొరికితే పుస్తకంలో అదే పెట్టిద్దాం.