అద్దె ఇంట్లో చిట్టెలుకలు: బోనులో పడుతున్నా తరగడం లేదు

ప్రశ్న (కొర్లగుంట అద్దెదారు)

తిరుపతి కొర్లగుంటలో ఒక అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. నెలన్నరగా వంటింట్లో చిట్టెలుకల బాధ భరించలేకపోతున్నాము. మొదట సంగటి కోసం తెచ్చుకున్న రాగిపిండి సంచికి మూలన చిల్లు పడింది. తరువాత శెనక్కాయల డబ్బా మూతను అంచు వెంబడి కొరికేశాయి. బోనులో ఇప్పటికి తొమ్మిది పడ్డాయి. వినాయకుడి వాహనాన్ని చంపడానికి మా అత్తగారు ఒప్పుకోరు కనుక వాటిని వీధి చివరి ఖాళీ స్థలంలో వదిలి వస్తున్నాము. నిన్న స్టవ్ వెనుక తుడుస్తుంటే గ్యాస్ గొట్టం మీద సూదితో గీసినట్లు జంట పళ్ల గాట్లు కనిపించాయి. యజమానికి చెబితే, మీరు వచ్చాకే ఎలుకలు వచ్చాయి, మందు పెట్టుకోండి అంటున్నారు. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. ఏం చేయమంటారు?

జవాబు 1 (భవానీ నగర్ గృహిణి)

ముందు గ్యాస్ గొట్టం సంగతి చూడండి, మిగిలినవన్నీ తరువాత. రెగ్యులేటర్ ఆపేసి, లోపల ఉక్కు తీగ అల్లిక ఉన్న ఐ.ఎస్.ఐ. ముద్ర గొట్టాన్ని ఈరోజే వేయించండి. ఎలుక ముందరి పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి కనుక, తిండి అంతా దాచేసినా అది గొట్టాలనూ వైర్లనూ కొరకడం మానదు.

తొమ్మిది పట్టినా తరగకపోవడంలో వింత లేదు. కడుపుతో ఉన్న చిట్టెలుక మూడు వారాలకే ఈనుతుంది, ఈతకు అయిదారు పిల్లలు పుడతాయి, అవి రెండు నెలలు తిరగకుండానే ఈతకు వస్తాయి. బోను వచ్చినదాన్ని పడుతుంది గాని వచ్చే దారిని మూయదు. పెన్సిలు దూరేంత సందు, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు, చిట్టెలుకకు చాలు. మా ఇంట్లో సింకు కింద మురుగు గొట్టం గోడలోకి వెళ్లేచోట చుట్టూ అంతే సందు ఉండేది. ఏడాదిపాటు రోజూ అక్కడే అంట్లు తోముతూ కూడా నేను గమనించలేదు. దారి తెలియాలంటే పడుకునే ముందు గోడల వెంబడి ముగ్గుపిండి పలచగా చల్లండి, తెల్లవారేసరికి అడుగులే చెబుతాయి. పాపను మాత్రం అటు పోనివ్వకండి. దొరికిన సందులో గిన్నెలు తోమే ఉక్కు పీచు గట్టిగా కుక్కి, పైన సిమెంటు పూయించండి. గుడ్డలు, థర్మోకోల్ కుక్కితే రెండో రాత్రికే లాగేస్తాయి.

జవాబు 2 (చిత్తూరు, విత్తనాల దుకాణం)

పాప తిరిగే ఇంట్లో మందు మాట తలపెట్టవద్దు. మందు అమ్మేవాడినే ఈ మాట అంటున్నాను. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ అనే విషవాయువును పుట్టిస్తుంది, దానికి విరుగుడు లేదు. పసుపు భాస్వరం పేస్టు కాలేయాన్ని దెబ్బతీస్తుంది. బ్రోమాడయోలోన్ బిళ్లలకు విటమిన్ కె విరుగుడుగా ఉన్నా, అవి తిన్న ఎలుక కొన్ని రోజుల తరువాత ఏ అటక మూలనో చచ్చి కంపు కొడుతుంది.

మీకు కనబడేది చిట్టెలుకేనా అన్నది కూడా చూసుకోండి. పెంటికలు బియ్యపు గింజంత ఉంటే చిట్టెలుక, ఖర్జూరపు గింజకు దగ్గరగా ఉంటే పెద్ద ఎలుక. పెద్ద ఎలుక కొత్త వస్తువును చూసి నాలుగు రోజులు దూరంగా ఉంటుంది కనుక, దానికి బోను బిగించకుండా ఎర మాత్రం పెట్టి అలవాటు చేయాలి. చిట్టెలుకకు ఆ భయం లేదు, వింత చూడటానికి వచ్చి పడుతుంది. ఎరకు వేయించిన శెనక్కాయ పప్పు మేలు, బోనును గోడకు ఆనించి పెట్టాలి. కీచుమంటూ గోడ వెంట పోయే పొడుగు ముక్కు చుంచు అసలు ఎలుక జాతే కాదు, అది బొద్దింకలను తింటుంది. దాని జోలికి పోకండి. జిగురు అట్టలను మాత్రం నేను దుకాణంలో పెట్టడం మానేశాను, రాత్రంతా ఆ అరుపులు వినలేక.

పెంటికలను పొడి చీపురుతో ఊడవకూడదు. బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు చల్లి, అయిదు నిమిషాలు నాననిచ్చి, చేతి తొడుగులతో తుడవాలి.

జవాబు 3 (తిరుపతి న్యాయవాది)

మందు పెట్టుకోండి అన్న మాటతో యజమాని బాధ్యత తీరదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్, ఎఫ్ క్లాజు ప్రకారం, యజమాని చేయించవలసిన మరమ్మతును, నోటీసు ఇచ్చాక తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చు. అయితే గోడ సందులు మూయించడం యజమాని వంతా, మీ వంతా అన్నది మీ ఒప్పందంలో ఏం రాసుకున్నారన్న దానిపై ఆధారపడుతుంది. పదకొండు నెలల ఒప్పందాలలో చాలామంది ఆ పేజీ చదవకుండానే సంతకం చేస్తారు. ముందు ఫోటోలు, తేదీలతో లిఖితపూర్వకంగా తెలియజేయండి.

ప్రశ్న అడిగినవారి నుంచి

గ్యాస్ గొట్టం ఆ సాయంత్రమే మార్చాము. ముగ్గుపిండి చల్లితే అడుగులు సింకు దగ్గర నుంచి కాక, పైపులు వెళ్లే డక్ట్ తలుపు కింద నుంచి వచ్చాయి. ఆ డక్ట్ కింది అంతస్తులోని టిఫిన్ సెంటర్ బియ్యం బస్తాల గదిలోకి తెరుచుకుంటుంది. ఆ ఫోటో పంపాక యజమాని వచ్చి చూశారు. సోమవారం మేస్త్రీని పంపుతానన్నారు. టిఫిన్ సెంటర్ వారు బస్తాలను ఇనుప పీపాల్లోకి మార్చడానికి ఒప్పుకున్నారు గాని, డక్ట్ కింది భాగం మూయించే ఖర్చు ఎవరిదన్నది ఇంకా తేలలేదు.