చేతితో చేసిన సబ్బు పాపకు మండింది: తిరుపతి, చిత్తూరు వాళ్ళు మీ అనుభవం చెప్పండి

స్వర్ణముఖి (తిరుచానూరు):
మా పాపకు నాలుగేళ్ళు. చలి మొదలైతే చాలు, మోకాళ్ళ వెనుక చర్మం పొడిబారి ఒకటే దురద. అందుకని బజారు సబ్బు మానేసి, తిరుపతిలో ఒక ప్రదర్శనలో చేతి తయారీ సబ్బులు మూడు కొన్నాను: వేప, పసుపు, ఎర్రచందనం. వేప సబ్బు రుద్దగానే పాప మంట అని ఏడ్చింది. అమ్మినవాళ్ళను అడిగితే "అంతా సహజమే, ఏమీ కాదు" అన్నారు. ఇలాంటివి వాడేవాళ్ళు, చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

గానుగచెక్క (చంద్రగిరి):
అమ్మా, ముందు ఆ సబ్బు ఆపేయండి. నేను ఆరేళ్ళుగా సబ్బులు చేసి అమ్ముతున్నాను. సోడా వేయలేదని ఎవరైనా చెబితే నమ్మకండి. నూనె, కాస్టిక్ సోడా కలిస్తేనే సబ్బు. లెక్క కుదిరితే సోడా మిగలదు. అర కిలో కొబ్బరి నూనెకు దాదాపు 91 గ్రాముల సోడా పడుతుంది. నేను 87 గ్రాములే వేస్తాను, కాస్త నూనె మిగిలి చర్మానికి మెత్తగా ఉంటుందని. అదే వేరుశనగ నూనెకైతే 68 గ్రాములు చాలు. కొబ్బరి నూనె ధర పెరిగినప్పుడు అందులో వేరుశనగ నూనె కలిపి, సోడా మాత్రం పాత కొలతే వేసేవాళ్ళను చూశాను. ఆ సబ్బు మండక ఏం చేస్తుంది?

ఇంకో సంగతి, ఆరబెట్టడం. కోసిన ముక్కలు గాలి తగిలేచోట నాలుగు నుంచి ఆరు వారాలు ఉండాలి. మనకు అక్టోబరు, నవంబరు వానల్లో ఇంకా ఆలస్యమవుతుంది. పండుగ అమ్మకాల తొందరలో చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు.

నీవా తీరం (చిత్తూరు):
మీ పసుపు సబ్బు ఏ రంగులో ఉందండి?

స్వర్ణముఖి:
నిమ్మపండులా పచ్చగా, అద్దంలా మెరుస్తూ ఉంది.

నీవా తీరం:
అయితే అది నూనెతో మొదలుపెట్టి చేసినది కాకపోవచ్చు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, సోడా తగిలినా అంతే. ఆరేకొద్దీ ఆ ఎరుపు తగ్గి ముదురు రంగుకు వస్తుంది కానీ నిమ్మపండులా ఉండదు. సిద్ధంగా దొరికే గ్లిజరిన్ సబ్బు దిమ్మను కరిగించి, రంగు కలిపి అచ్చులో పోసి ఉంటారు. ఆ పని తప్పు కాదు, ఆ మాట చెప్పి అమ్మాలి.

కపిలతీర్థం (తిరుపతి):
ఎర్రచందనం సబ్బు గుమగుమలాడుతోందా? మన శేషాచలం ఎర్రచందనానికి రంగే తప్ప చెప్పుకోదగ్గ వాసన లేదు. మంచి గంధం వేరే చెట్టు. వాసన వస్తే అది విడిగా కలిపినదే. అట్ట మీద లైసెన్సు నంబరు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు ఉన్నాయేమో చూడండి. అమ్మకానికి సబ్బు చేసేవాళ్ళు ఎంత చిన్నవాళ్ళయినా ఔషధ నియంత్రణ శాఖ లైసెన్సు తీసుకోవాలి.

పుత్తూరు అమ్మమ్మ:
పాపకు సున్నిపిండి పెట్టు తల్లీ. వట్టి పెసరపిండి, మెత్తగా జల్లించి. ముందు కాస్త కొబ్బరి నూనె రాయి. సున్నిపిండిలో కొందరు కలిపే బావంచాల గింజలు మాత్రం వేయకు, అవి రాసుకుని ఎండలోకి వెళితే చర్మం బొబ్బలెక్కుతుంది. మా బోరు నీళ్ళలో ఏ సబ్బూ సరిగా నురగ రాదు, ఒంటి మీద తెల్లగా పేరుకుంటుంది. పిండికి ఆ బాధ లేదు.

స్వర్ణముఖి:
అమ్మినవాళ్ళకు మళ్ళీ ఫోను చేసి ఎప్పుడు చేశారని అడిగాను. చాలాసేపు తటపటాయించి, వేప సబ్బు చేసి పది రోజులే అయిందన్నారు. అట్ట మీద తేదీ కూడా లేదు. గానుగచెక్క గారూ, దీన్ని ఆరబెడితే పనికొస్తుందా?

గానుగచెక్క:
నెల ఆరనివ్వండి. తరువాత తడి వేలితో సబ్బును రుద్ది, ఆ వేలు నాలుక కొసకు తాకించండి. చురుక్కుమంటే సోడా మిగిలినట్టే, పారేయండి. చురుక్కుమనకపోతే పెద్దవాళ్ళు వాడుకోవచ్చు. పాపకు మాత్రం వద్దమ్మా. ఎంత బాగా చేసినా సబ్బుకు క్షారగుణం పోదు, పగిలిన చర్మానికి అది పడదు. ఈ మాట నా దగ్గర కొనేవాళ్ళకు కూడా చెబుతాను. దురద తగ్గకపోతే చర్మ వైద్యుడికి చూపించండి.

స్వర్ణముఖి:
శనివారం చూపిస్తాను. అప్పటిదాకా పెసరపిండే. ఈ రోజు పోసిన స్నానానికి పాప ఏడవలేదు.